చెంగమ్మక్క కాళ్ళు ఎందుకు తేలలేదు

2023 ఏప్రిల్. తిరుపతిలో నేను కోచ్‌గా పని చేసే స్విమ్మింగ్ పూల్‌లో సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా లేడీస్ బ్యాచ్. ఆ గంటన్నరా కంచె చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టి, గేటుకు లోపలి నుంచి గడియ వేస్తాం. ముప్పై మంది దాకా వస్తారు. బడి టీచర్లు, యూనివర్సిటీ అమ్మాయిలు, మోకాళ్ళ నొప్పులకు డాక్టరు ఈత కొట్టమన్న పెద్దవాళ్ళు, బజారు వీధి నుంచి బురఖాల్లో వచ్చే నలుగురైదుగురు. మగవాళ్ళు ఉండే వేళయితే వీళ్ళలో సగం మంది గేటు కూడా దాటరు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బ్యాచ్ నాది. నేర్పేదీ నేనే, ఎవరైనా మునిగిపోతున్నారేమో అని కనిపెట్టుకుని ఉండేదీ నేనే.

ఆ నెలలో మా పూల్ యాజమాన్యం కొత్త నిబంధన పెట్టింది. నేర్పేవాళ్ళు వేరు, కాపలా కాసేవాళ్ళు వేరు ఉండాలి. ప్రతి బ్యాచ్‌కీ సర్టిఫికెట్ ఉన్న లైఫ్‌గార్డ్, అంటే నీళ్ళలో ఎవరికి ఏమైనా వెంటనే దూకి కాపాడే మనిషి, ఒకరు గట్టు మీద ఉండాలి. లేడీస్ బ్యాచ్‌కు ఆ మనిషి ఆడమనిషే అయి ఉండాలి. ఆగస్టు ఆఖరులోపు దొరక్కపోతే ఆ వేళను మగవాళ్ళ ట్రైనింగ్ బ్యాచ్‌కు ఇచ్చేస్తారు. నిబంధన మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. ఒక జత కళ్ళు రెండు పనులు చేయలేవు. కానీ ఆడ లైఫ్‌గార్డ్‌ను ఎక్కణ్ణుంచి తేవాలి? నగరి నుంచి ఒక అమ్మాయి వచ్చి అన్నీ అడిగి తెలుసుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది. ఇంకెవరూ రాలేదు.

అప్పుడు నాకు చెంగమ్మక్క గుర్తొచ్చింది.

చెంగమ్మక్క మా బ్యాచ్ ఆయా. అప్పటికి యాభై నాలుగేళ్ళు. చెప్పులు, లాకరు తాళాలు, తడిగుడ్డలు, బట్టలు మార్చుకునే గది, అన్నీ ఆమె చేతి కింద. నన్ను మేడమా అని పిలుస్తుంది, అదే నోటితో నువ్వు అంటుంది. అంతకు రెండేళ్ళ ముందు, నేను అటు తిరిగి ఎవరికో చేతులు సరిచేస్తుంటే, లోతు వైపున ఒక కాలేజీ అమ్మాయి నీళ్ళు మింగుతోంది. కట్టుకున్న చీరతోనే దూకి జుట్టు పట్టుకుని ఆ అమ్మాయిని గట్టుకు లాక్కొచ్చింది చెంగమ్మక్కే. ఆ పిల్ల దగ్గుతుంటే మేమంతా వణికిపోతున్నాం, ఈమె మాత్రం, "నా సెల్లు యాడ పడిందో రోంత సూడండమ్మా," అని వెతుక్కుంటోంది.

"నేను సదివింది ఐదో తరగతి మేడమా. నాకెవురిస్తారు సర్టిఫికెట్టు?" అంది నేను అడిగినప్పుడు.

"పరీక్ష నీళ్ళలోనే అక్కా. నోటి ప్రశ్నలు తెలుగులోనే అడుగుతారు."

"నీళ్ళల్లోనేనా? అయితే సూద్దాం."

సూద్దాం అని తేలిగ్గా అన్నా, ఇద్దరికీ విషయం తెలుసు. బ్యాచ్ ఉంటేనే ఆమె ఉద్యోగం ఉంటుంది. ఆమె భర్త ఆటో నడిపేవాడు, చూపు తగ్గి మానేశాడు. ఆ ఇల్లు చెంగమ్మక్క మీద నడుస్తోంది. ఇక బ్యాచ్‌లో ముప్పై మందికీ రోజులో తమదంటూ ఉన్న వేళ అదొక్కటే. మేనేజరుగారి దగ్గర దరఖాస్తు ఫారం అడిగితే, "మొక్కై వంగనిది మానై వంగుతుందా మేడం?" అని నవ్వాడు. "మీరు ఫారం ఇవ్వండి సార్, వంచే పని నాది," అన్నాను. ఆ రోజుల్లో నాకు నా పని మీద అంత నమ్మకం ఉండేది.

పరీక్షలో మూడు భాగాలు. మొదటిది రెండు వందల మీటర్ల ఫ్రీస్టైల్, అంటే బోర్లా సాగి చెయ్యి మార్చి చెయ్యి వేసే ఈత, ఆరు నిమిషాల్లో. మా పూల్ పొడవు ఇరవై అయిదు మీటర్లు కాబట్టి ఎనిమిది ల్యాపులు. రెండోది మునుగుతున్నట్టు నటించే మనిషిని ఒడ్డుకు చేర్చడం. మూడోది లోతులో వేసిన బరువును అడుగు నుంచి తీయడం. చివరి రెండింటి గురించి నాకు బెంగ లేదు. సోమవారం పూల్‌కు సెలవు. ఆ రోజు చెంగమ్మక్కను నీళ్ళలో దింపి మొదటిసారి టైము చూశాను. ఎనిమిది నిమిషాల పది సెకన్లు.

చేతులు చూస్తే ముచ్చటేసింది. నలభై ఏళ్ళుగా తడి గుడ్డలు పిండి, బిందెలు మోసి, చాపలు దులిపిన చేతులు. నీటిని పట్టి వెనక్కి తోస్తే మనిషి ముందుకు దూసుకురావాలి. రాలేదు. నడుము కింద భాగమంతా నీళ్ళలో వేలాడుతోంది. ఫ్రీస్టైల్‌లో కాళ్ళు కొట్టే పద్ధతిని ఫ్లట్టర్ కిక్ అంటాం. తుంటి దగ్గర మొదలై, మోకాలు కొంచెం వదులై, బొటనవేళ్ళు వెనక్కి చాచి, చిన్న చిన్నగా పైకీ కిందికీ ఆడించాలి. అలా ఆడిస్తే కాళ్ళు నీటి మట్టానికి తేలి ఉంటాయి, చేతులకు బరువు తగ్గుతుంది. చెంగమ్మక్క కాళ్ళు మాత్రం సైకిలు తొక్కుతున్నాయి.

కిక్‌బోర్డ్ ఇచ్చాను. అంటే చేతులతో పట్టుకునే తేలే పలక. చేతులు దానికి అప్పగించి కాళ్ళతోనే ముందుకు పోవాలి. చెంగమ్మక్క పలక పట్టుకుని, పళ్ళు బిగించి, నీళ్ళు ఎగిరేలా కొట్టింది. నిమిషం గడిచినా ఉన్నచోటే ఉంది. జాగ్రత్తగా చూస్తే ఒక జానెడు వెనక్కి కూడా వచ్చింది. ఇది వింత కాదు. చీలమండ బిగుసుకుపోయి పాదం కొక్కెంలా నిలబడితే, ఆ పాదం నీటిని వెనక్కి తోయదు, ముందుకు తోస్తుంది. యాభై దాటాక నేర్చుకునేవాళ్ళలో ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను.

"ఈ పలక దొంగది మేడమా. ఎనక్కి పీకతా ఉండాది," అంది.

దానికి నా దగ్గర మందు సిద్ధంగా ఉంది. రోజూ పది నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చుని, పాదాలు వెనక్కి చాపి, మడమల మీద బరువు వేయాలి. చీలమండ సాగుతుంది. ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అదీ చేసింది పాపం. ఫిన్స్ అని చేప తోకల్లాంటి రబ్బరు తొడుగులు పాదాలకు వేయించి కొట్టించాను. గోడ పట్టుకుని కొట్టించాను. మూడు వారాలు రోజూ బ్యాచ్ అయ్యాక అరగంట. పిక్కలు పట్టేసి గట్టు మీద కూలబడి, కాళ్ళు తనే పిసుక్కుంటూ మళ్ళీ దిగేది. మూడు వారాలయ్యాక టైము చూస్తే ఏడు నిమిషాల నలభై. ఫిన్స్ తీసేయగానే కాళ్ళు మళ్ళీ కిందికి వేలాడాయి.

నాకు సహనం తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు పూల్‌లో కూడా తెలిసిపోయింది. ఇంకా నలుగురైదుగురు బట్టలు మార్చుకుంటూ వింటుండగానే అరిచాను.

"అక్కా, ఇవి నీ కాళ్ళేనా, ఎవరి దగ్గరైనా బాడుగకు తెచ్చుకున్నావా?"

వాళ్ళు నవ్వారు. చెంగమ్మక్క నవ్వలేదు. నీళ్ళలోంచి లేచి, తల తుడుచుకుని, మాప్ కర్ర తీసుకుని గది తుడవడానికి వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. మర్నాడూ, ఆ మర్నాడూ పనికి వచ్చింది గానీ నీళ్ళలో దిగలేదు. అడిగితే, "నడుము నొప్పిగా ఉండాది," అంది. మూడో రోజు నేనే ఆమె పక్కన చెప్పుల అర దగ్గర కూర్చున్నాను.

"తప్పయిందక్కా. అట్ల అనుండకూడదు."

"అన్నావులే. కాళ్ళు నావే మేడమా. ఈ కాళ్ళతోనే మా బావిలో ఈ గట్టుకీ ఆ గట్టుకీ పొద్దంతా ఈదినా. అప్పుడు లేని రోగం ఇప్పుడు యాణ్ణుంచి వచ్చిందో నాకూ తెలీలే."

అంతవరకూ ఆమె ఈత ఎక్కడ నేర్చుకుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న కోచ్‌ని! ఎవరొచ్చినా మొదట కాళ్ళు చూస్తాను, చేతులు చూస్తాను, టైము చూస్తాను. ఆ మనిషి నీళ్ళలో మొదట ఎక్కడ దిగిందో మాత్రం అడగను. నాకే సిగ్గేసింది. ఆ బావి ఇంకా ఉందా అని అడిగాను. శ్రీకాళహస్తికి ఇవతల తమ్ముడి చేలో ఉందనీ, ఆ ఏడు నీళ్ళు కూడా బాగా ఉన్నాయనీ చెప్పింది. సోమవారం ఇద్దరం బస్సెక్కాం.

రాళ్ళు కట్టిన నాలుగు పలకల బావి. ఒక పక్క మెట్లు, ఇంకో పక్క మోటారు పైపు. పక్క చేల పిల్లలు ఏడెనిమిది మంది గట్టు మీది నుంచి ఒకరి తర్వాత ఒకరు దూకుతున్నారు. చెంగమ్మక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని మెట్లు దిగి, నీళ్ళలోకి జారి, నాలుగు బారలు వేసి అవతలి గోడ ముట్టుకుంది. నాకూ ఉబలాటం పుట్టింది. చుడీదారుతోనే దిగాను. పూల్‌లో అలవాటైనట్టు ముఖం నీళ్ళలో పెట్టి, చక్కగా సాగి, రెండో బార వేశానో లేదో, నా చెవి పక్కనే బండ పడ్డట్టు చప్పుడైంది. ఒక పిల్ల దూకింది. జానెడు ఇటు పడి ఉంటే నా మెడ విరిగేది.

"తలకాయ పైకెత్తు!" చెంగమ్మక్క కేక బావంతా మోగింది. "బావిలో తలకాయ దించితే సస్తావు! పైన ఎవురు దూకతారో సూసుకోవాల గదా!"

మోటారు పైపు పట్టుకుని ఆయాసపడుతూ ఆమెను చూశాను. తల నిటారుగా పైకి ఎత్తి ఉంది, కళ్ళు గట్టు మీద ఉన్నాయి. ఒళ్ళు నీళ్ళలో దాదాపు నిలబడి ఉంది, కాళ్ళు అడుగున తొక్కుతున్నాయి. తొక్కకపోతే తల పైన నిలవదు మరి. నాలుగు బారలకు గోడ వచ్చే చోట అంతకంటే సాగాల్సిన అవసరం కూడా లేదు. ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన సొరకాయ బుర్ర నడుముకు కట్టి దింపాడట. తల దించినప్పుడల్లా నెత్తిన మొట్టేవాడట. "మొట్టి మొట్టి నేర్పినాడు మా నాయన," అంది గర్వంగా.

మనిషి ఒళ్ళు నీళ్ళలో తక్కెడ లాంటిది. తల వైపు లేస్తే కాళ్ళ వైపు దిగుతుంది. ఇది మొదటి పాఠంలో నేను అందరికీ చెప్పే మాటే. చెంగమ్మక్కకు ఈత వచ్చు కదా అని ఆ పాఠం ఆమెకు చెప్పలేదు. పూల్‌లో ఆమె తల మరీ ఎత్తుగా కూడా ఉండదు, కళ్ళు మాత్రమే నీటి పైన ఉంటాయి. అందుకే నా కన్ను అక్కడ పడలేదు. నెల రోజులు కాళ్ళ వెంట పడ్డాను. రోగం మెడలో ఉంటే పాదాలకు పట్టు వేసిన వైద్యం నాది.

తిరిగి వచ్చే బస్సులో విషయం చెప్పాను. పూల్‌లో పైనుంచి ఎవరూ దూకరనీ, ముఖం నీళ్ళలో పెట్టి అడుగున ఉండే నల్ల గీతను చూస్తూ ఈదితే కాళ్ళు వాటంతట అవే లేస్తాయనీ అన్నాను. చెంగమ్మక్క కిటికీ వదిలి నా వైపు తిరిగింది.

"మేడమా, ఈ పరీక్ష దేనికి? ఎవురు దూకినారు, ఎవురు మునిగినారు అని సూసే పనికే గదా? ఆ పనికి పోయేదాన్ని తలకాయ ముంచి గీత సూడమంటే ఎట్ల?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆమె అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. కాపాడటానికి వెళ్ళేటప్పుడు తల ఎత్తే ఈదాలి, మునిగే మనిషి మీద నుంచి కన్ను తీయకూడదు. కానీ పరీక్షలో మొదటి గండం ఆరు నిమిషాలది. అది దాటకపోతే మిగతావి ఎంత బాగా చేసినా సర్టిఫికెట్ రాదు.

"ఆ ఆరు నిమిషాలు నీ బదులు నేను చూస్తానక్కా. నువ్వు నీళ్ళలో ఉన్నంతసేపూ నేను గట్టు మీద ఉంటాను. ఎవరు దూకినా, ఎవరు మునిగినా నా పూచీ. నువ్వు గీత చూసుకో."

"నువ్వు సూస్తావా?"

"చూస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

అంత సులువేమీ కాలేదు. యాభై నాలుగేళ్ళ మెడ ఒట్టు వేయగానే వంగదు. మొదట నీళ్ళలో బోర్లా పడుకుని ఊరికే తేలమన్నాను. మూడు సెకన్లకు తల లేచేది. నేను నీళ్ళలో నిలబడి ఆమె తల వెనుక వేళ్ళు ఆనించి, "ఉన్నాను, ఉన్నాను," అంటుంటే అయిదు సెకన్లు, పది సెకన్లు ఆగేది. జూన్ మొదటి వారంలో ఒకరోజు తల మునిగింది, నడుము లేచింది, రెండు మడమలూ నీటి పైకి తేలాయి. కాళ్ళు ఏమీ కొట్టకుండానే! లేచి కళ్ళు తుడుచుకుని, "ఏందిది, ఎవురన్నా కింద నుంచి ఎత్తినారా?" అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు గాని కిక్ జోలికి వెళ్ళలేదు. పందేలకు పోయే పిల్లలు రెండు చేతులు వేసేలోపు ఆరుసార్లు కాళ్ళు కొడతారు. పెద్ద వయసువాళ్ళు ఆ వేగానికి పోతే ఊపిరి చాలదు. వాళ్ళకు టూ బీట్ కిక్ మంచిది. కుడి చెయ్యి నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు ఎడమ కాలు ఒక్కసారి, ఎడమ చెయ్యికి కుడి కాలు ఒక్కసారి. బలంగా కొట్టక్కర్లేదు, వేళకు కొడితే చాలు. ఇది చెప్పగానే చెంగమ్మక్క నా వైపు గుర్రుగా చూసింది.

"సేతికొక కాలు. ఇంతే గదా? దీనికి నా పిక్కలు నెల దినాలు పీకి పెట్టినావా?"

జులై నడిమికి ఆరు నిమిషాల పాతిక సెకన్లు. ఆగస్టులో రెండుసార్లు అయిదు నిమిషాల యాభైకి వచ్చింది. బ్యాచ్‌లో వాళ్ళంతా గట్టు మీద వరసగా కూర్చుని ల్యాపులు లెక్కపెట్టేవారు. చెంగమ్మక్క ఈదే అరగంటా నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆమె ఊపిరికి పక్కకు తిరిగిన ప్రతిసారీ నేను కనిపించేలా గట్టు వెంట నడిచేదాన్ని. టైము చూసేది బ్యాచ్‌లో ఎవరో ఒకరు.

పరీక్ష ఆగస్టు చివరి వారంలో మా పూల్‌లోనే జరిగింది. పరీక్షకులు బయటి ఊరివారు, పెద్దమనిషి. అభ్యర్థులు పదకొండు మంది. పది మంది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, పదకొండో మనిషి మోకాళ్ళు దాటే స్విమ్ సూట్ వేసుకుని, దాని మీద తువ్వాలు కప్పుకుని నిలబడ్డ చెంగమ్మక్క. "మగోళ్ళ ముందరా అక్కా?" అని ముందురోజు బ్యాచ్‌లో ఎవరో అడిగితే, "వాళ్ళ పరీచ్చ వాళ్ళు సూసుకోని, నా పక్క సూసేదానికి తీరిక యాడ ఉంటాది?" అని కొట్టిపారేసింది. కానీ ఆ ఉదయం తువ్వాలు పట్టుకున్న ఆమె వేళ్ళు బిగుసుకుని ఉండటం నేను చూశాను.

నాలుగు ల్యాపులు చక్కగా వెళ్ళింది. నా చేతిలో స్టాప్‌వాచ్. సగం దూరానికి రెండు నిమిషాల యాభై రెండు. నాకు లోపల గంతులేయాలనిపించింది. అయిదో ల్యాపులో పూల్ అవతలి కొసన ధబ్బున చప్పుడైంది. తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక కుర్రాడు ఒళ్ళు సడలించుకోవడానికి తాళ్ళతో విడదీసిన చివరి వరసలో, అంటే చివరి లేన్‌లో, దూకాడు. చెంగమ్మక్క తల లేచింది. తల ఒక్కటే కాదు, మొత్తం ఆగిపోయింది. ఆ కుర్రాడు పైకి తేలి గోడ పట్టుకునేదాకా చూసి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది. కాళ్ళు దిగిపోయాయి, లయ చెదిరింది. చివరి మూడు ల్యాపులూ సైకిలు తొక్కుతూనే వచ్చింది. ఆరు నిమిషాల ఏడు సెకన్లు.

పరీక్షకులు మంచివారు. తొలిసారి తప్పినవాళ్ళకు సాయంత్రం ఇంకొక్క అవకాశం ఉంటుందనీ, ఈలోపు మిగతా భాగాలు చేయవచ్చనీ అన్నారు. బరువు తీయడంలో చెంగమ్మక్కకు రెండు మునకలు పట్టలేదు. కాపాడే భాగంలో అయితే కుర్రాళ్ళంతా పందెంలో లాగా ముఖం ముంచి దూసుకుపోయి, తలెత్తి చూసేసరికి మునుగుతున్నట్టు నటించే మనిషి రెండు బారలు పక్కకు జరిగి ఉన్నాడు. చెంగమ్మక్క తలెత్తి, కన్ను తిప్పకుండా, ఎటు జరిగితే అటే వెళ్ళి పట్టుకొచ్చింది. "ఇది చూడండి, ఇలా వెళ్ళాలి," అని పరీక్షకులు కుర్రాళ్ళతో అన్నారు. ఆ మెచ్చుకోలు మాకు ఆనలేదు. రెండు వందల మీటర్లు మిగిలే ఉంది.

మధ్యాహ్నం పంపు గది నీడలో కూర్చున్నాం. నేను తెచ్చిన చిత్రాన్నం ఆమె రెండు ముద్దలు తిని డబ్బా మూసేసింది. ఆ కుర్రాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. పరీక్ష జరుగుతుంటే దూకడానికి వాడికి బుద్ధి ఉందా అని.

"వాణ్ణెందుకు అంటావు," అంది చెంగమ్మక్క. "ఒక మాట అడగతా, కోపం సేసుకోవద్దు."

"అడుగక్కా."

"వాడు దూకినప్పుడు నువ్వు సూసినావా?"

చప్పుడు విన్నాను. చూడలేదు.

"నేను ఊపిరికి తిరిగినప్పుడంతా నిన్ను సూస్తా ఉండా. దినామూ నువ్వు నీళ్ళ పక్క సూస్తావు. ఈ పొద్దు సేతిలో గడియారం సూస్తా ఉండావు. ఒక్కతూరి కూడా తలకాయెత్తలే. ఎవురో దూకినారు, నువ్వు సూడలే. ఇంగెవురు సూస్తారు? నేనే సూసినా."

ఆమె గొంతులో నింద లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. బస్సులో ఒట్టు వేసినదాన్ని నేను. నాలుగు నెలల కష్టం, ఒక ఇంటి తిండి, ముప్పై మంది వేళ, అన్నీ ఆ ఒట్టు మీద నిలబడి ఉంటే, నేను సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆమె సమయం నేను చూస్తే పెరుగుతుందా, తగ్గుతుందా? టైము చూడటానికి పరీక్షకులు ఉన్నారు. చూస్తానన్నది నేను ఒక్కదాన్నే.

"తప్పు నాదే అక్కా," అన్నాను. చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవద్దు మేడమా, ఇంగా ఒగ తూరి ఉండాది గదా," అని డబ్బా మళ్ళీ తెరిచి, ఈసారి పూర్తిగా తినేసింది.

సాయంత్రం నాలుగుకు మళ్ళీ పిలిచారు. స్టాప్‌వాచ్ తీసుకెళ్ళి మేనేజరుగారి బల్ల మీద పెట్టి వచ్చాను. చెంగమ్మక్క నా ఖాళీ చేతులు చూసింది. విజిల్ పడింది. నేను చెప్పులు విడిచి ఆమెతో సమంగా గట్టు వెంట నడవడం మొదలుపెట్టాను. పగలంతా ఎండకు కాగిన గచ్చు అరికాళ్ళను కాలుస్తోంది. ఆమె ఊపిరికి తిరిగినప్పుడల్లా నా కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. అవతలి కొసన ఎవరు నిలబడ్డారో, ఏ లేన్‌లో ఎవరున్నారో అన్నీ చూస్తున్నాను. ఆరో ల్యాపులో ఎవరి చేతిలో నుంచో కిక్‌బోర్డ్ జారి నీళ్ళలో పడి చప్పుడైంది. నేను అటు చూశాను. పలకే. చెంగమ్మక్క తల లేవలేదు. సేతికొక కాలు, సేతికొక కాలు, అలా వెళ్ళిపోయింది.

గోడ ముట్టుకుని ఆమె లేచినప్పుడు ఎంతయిందో నాకు నిజంగా తెలియదు. ఎక్కువే అయిందనుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో టైము తెలియకుండా ఒక పరీక్ష చూడటం అదే మొదలు. పరీక్షకులు తన గడియారాన్ని ఒకటికి రెండుసార్లు చూసి, "అయిదు యాభై నాలుగు," అన్నారు. నేను చుడీదారుతోనే నీళ్ళలో దూకి ఆమెను కావలించుకున్నాను. "మెల్లిగా, మెల్లిగా. నా మింద పడతావేమి," అంది.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఎవరు కొత్తగా వచ్చినా, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు, ఏ నీళ్ళలో నేర్చుకున్నారు, అక్కడ దేనికి భయపడేవారు అని మొదట అడుగుతాను. కాళ్ళు తేలలేదని కాళ్ళనే తిట్టను. రెండోది, తల ముంచమని ఉత్తినే ఆజ్ఞ వేయను. తల ముంచడం అంటే లోకం మీద నుంచి కన్ను తీయడం. తన బదులు ఇంకొకరు చూస్తున్నారని నమ్మకం లేకపోతే ఏ మనిషీ ఆ పని చేయదు, చేయకూడదు కూడా. ఆ నమ్మకం కలిగించడం నా పాఠంలో సగం భాగమని నాకు అంతకుముందు తెలియదు.

లేడీస్ బ్యాచ్ ఆ వేళకే నడుస్తోంది. సర్టిఫికెట్ వచ్చిన వారం, సెప్టెంబరులో, చెంగమ్మక్క పసుపు రంగు టీషర్టు వేసుకుని, మెడలో విజిల్‌తో మొదటిసారి ఎత్తు కుర్చీ ఎక్కింది. బ్యాచ్ సాగుతోంది. నేను ఎప్పటిలాగే గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, ఒక కన్ను నేర్చుకునేవాళ్ళ మీద, ఇంకో కన్ను లోతు వైపు వేసి ఉన్నాను. అయిదుంబావుకు అందరూ కాళ్ళు ఊరికే ఆడించుకుంటున్న సమయంలో పైనుంచి పిలిచింది.

"మేడమా, నువ్వీడ ఈత కొట్టి ఎన్నాళ్ళయింది?"

ఆలోచించాను. ఇలా కొట్టాలి, అలా కొట్టాలి అని చూపించడానికి నాలుగు బారలు వేయడం తప్ప, ఈ బ్యాచ్ వేళలో ఈ పూల్‌లో నేను ఒక్కనాడూ ఈదలేదు. ఎలా ఈదుతాను? అందరినీ చూసేది నేనే కదా.

"పద్దెనిమిదేళ్ళు అక్కా."

"అయితే దిగు. నేను సూస్తా ఉండా."

దిగాను. ముఖం నీళ్ళలో పెట్టాను. రెండు వందల మీటర్లలో ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.